ఒక్క పోటుతో సరిపెట్టండి: చిన్న ఆపరేషన్‌కి ముందు మత్తు సూది నొప్పి తగ్గించడం ఎలా

ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో మా ఆసుపత్రికి చిన్న ఆపరేషన్ కోసం వచ్చేవాళ్ళు బల్ల ఎక్కేముందు తరచూ అనే మాట ఒకటుంది. "కోసీండి బాబూ, పర్లేదు. ఆ సూదే వొద్దు." వీపు మీద కొవ్వుగడ్డ అయినా, తలలో కంతి అయినా, అరికాల్లో ఆనెకాయ అయినా మాట అదే. కొత్తలో ఇది అమాయకత్వం అనుకునేవాణ్ణి. తర్వాత అర్థమైంది, వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. చర్మం ఒకసారి మొద్దుబారాక కత్తి ఏం చేస్తోందో రోగికి తెలియదు. ఆపరేషన్ మొత్తంలో వాళ్ళకి తెలిసే నొప్పి మనం మొదట వేసే ఆ మత్తు సూదే.

నాకిది నా వేలి మీదే తెలిసింది. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో కుడి బొటనవేలికి గోరుచుట్టు వచ్చి రాత్రంతా సలిపింది. పొద్దున్నే ఒక పెద్దాసుపత్రిలో చూపించుకున్నాను. మందు తీసిన ఆకుపచ్చ సూదినే మార్చకుండా, చీము పట్టి ఉబ్బిన చోట నేరుగా గుచ్చి, చిటిక వేసినంత సేపట్లో రెండు మిల్లీలీటర్లు ఎక్కించేశారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పైగా వేలు సరిగ్గా మొద్దుబారనూ లేదు. చేసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. అప్పటికి నేనూ రోజుకు పదిమందికి అలాగే వేస్తున్నాను. ఆ వేలు మానేదాకా ఆ పదిమందీ గుర్తొస్తూనే ఉన్నారు.

తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. చిన్న ఆసుపత్రుల్లో, హెల్త్ సెంటర్లలో గడ్డలు కోసే, కుట్లు వేసే డాక్టర్ల కోసం, వాళ్ళ పక్కన నిలబడి సామాను అందించే నర్సుల కోసం ఇది. ఇంట్లోగానీ, మందుల షాపు వెనక గదిలోగానీ చేసే పని కాదు. చోటును మొద్దుబార్చే మత్తు మందు లిగ్నోకెయిన్, దాని మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి, గుండె ఆగుతుంది. ఆక్సిజన్, అత్యవసర మందులు అందుబాటులో లేని చోట సీసా మూతే తీయకండి.

మొదటి పని: రోగిని పడుకోబెట్టండి, తిన్నారా అని అడగండి

కొండల మీద నుంచి వచ్చేవాళ్ళు తెల్లవారుజామునే బయల్దేరతారు. మోహన వైపు నుంచి బస్సులో, గుణుపురం వైపు నుంచి రైల్లో వస్తారు. ఆపరేషన్ అంటే ఏమీ తినకూడదని ఎవరో చెప్పి ఉంటారు కాబట్టి టీ కూడా తాగరు. ఖాళీ కడుపు, ప్రయాణం అలసట, దాని మీద భయం. అలాంటి మనిషిని కూర్చోబెట్టి సూది చూపిస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. మత్తు మందు పడలేదని అందరూ కంగారు పడతారుగానీ చాలాసార్లు అది భయంతో బీపీ పడిపోవడమే. చోటు మాత్రమే మొద్దుబార్చి చేసే చిన్న ఆపరేషన్‌కి సాధారణంగా ఉపవాసం అక్కర్లేదు. మీరు ఇంకేమీ మత్తు ఇవ్వబోవడం లేదంటే ముందు ఏదైనా తిని రమ్మనండి. చేసేది వేలికైనా సరే, పూర్తిగా పడుకోబెట్టే చేయండి.

ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇంతకుముందు పన్ను తీయించుకున్నప్పుడు, కుట్లు వేయించుకున్నప్పుడు సూదితో ఏమైనా ఇబ్బంది వచ్చిందా? గుండె జబ్బు ఉందా? రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారా? మన జిల్లాల్లో నాలుగోది మరీ ముఖ్యం: సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుజబ్బు) గానీ, జీ6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు చితికిపోయే పుట్టులోపం) గానీ ఉందని ఎప్పుడైనా చెప్పారా? సికిల్ సెల్, జీ6పీడీ లోపం రెండూ ఈ కొండ ప్రాంతాల్లో ఉన్నాయి. ఈ జవాబులను బట్టి తర్వాత రెండు పనులు మారతాయి, అక్కడికి వచ్చినప్పుడు చెప్తాను. చివరగా బరువు చూడండి. అంచనా వేయొద్దు, మిషన్ మీద నిలబెట్టండి.

మందు సిద్ధం చేయడం

లిగ్నోకెయిన్‌ను స్వీడన్‌లో 1943లో తయారు చేశారు, 1948లో జైలోకెయిన్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. ఇప్పటికీ మన చేతిలో ఉన్నది అదే మందు. దాంతో వచ్చే మంటకు కారణం చాలావరకు అందులోని ఆమ్లమే. మందు చెడిపోకుండా ఉండాలని కంపెనీలు దాన్ని కాస్త పుల్లగా ఉంచుతాయి. రక్తనాళాలను ముడిచే అడ్రినలిన్ కలిపి వచ్చే సీసా ఇంకా ఎక్కువ పులుపు, దాని పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే తక్కువే, 3.3 దాకా కూడా ఉండొచ్చు. మన ఒంటి పీహెచ్ 7.4. గాయం మీద నిమ్మరసం పడితే ఎలా చుర్రుమంటుందో, చర్మం కింద జరిగేదీ ఇంచుమించు అదే.

దీనికి విరుగుడు మన క్యాజువాలిటీ ట్రేలోనే ఉంటుంది, సోడియం బైకార్బొనేట్. 10 మిల్లీలీటర్ల లిగ్నోకెయిన్‌కి 1 మిల్లీలీటరు బైకార్బొనేట్ కలపండి. పుస్తకాల్లో 8.4 శాతం అని ఉంటుంది. ఇక్కడ ఎక్కువగా దొరికే 7.5 శాతం ఆంప్యూల్ కూడా ఈ పనికి సరిపోతుంది. ఇలా కలిపితే నొప్పి తగ్గుతుందని అధ్యయనాలన్నీ కలిపి చూసి 2010లో వచ్చిన కాక్రేన్ సమీక్ష కూడా తేల్చింది. అడ్రినలిన్ ఉన్న మందుతో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మూడు జాగ్రత్తలు మాత్రం మర్చిపోవద్దు. కలిపిన వెంటనే వాడేయండి, రేపటికి దాచొద్దు. సిరంజిలో మందు పాలలా మసకబారినా, తెల్లటి పొడి కనిపించినా పారేయండి. ఇంకా ఎక్కువసేపు పనిచేసే మత్తు మందు బ్యుపివకెయిన్‌తో ఇదే కొలతలో కలపొద్దు, అది విరిగిపోతుంది. విప్పిన బైకార్బొనేట్ ఆంప్యూల్‌కి దూది పెట్టి సాయంత్రం దాకా ఉంచే అలవాటు చాలాచోట్ల చూశాను. దయచేసి మానండి.

మన దగ్గర ఎక్కువగా ఉండేది 2 శాతం సీసా. చర్మం మీద చేసే పనికి అంత గాఢత అక్కర్లేదు. సగానికి సగం సెలైన్ కలిపితే 1 శాతం అవుతుంది, చక్కగా మొద్దుబారుతుంది. అదే మోతాదు మందుతో రెండింతల చోటు తడుస్తుంది. పెద్ద కొవ్వుగడ్డ చుట్టూ వేయాల్సి వచ్చినప్పుడు ఈ లెక్క ఎంత పనికొస్తుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

మోతాదు లెక్క ఇది. అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు, మొత్తం మీద 300 దాటకూడదు. అడ్రినలిన్ ఉంటే కిలోకు 7, మొత్తం 500. మీ సీసాతో వచ్చిన కాగితంలో ఇంతకంటే తక్కువ రాసి ఉంటే దాన్నే పాటించండి. 2 శాతం అంటే ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములు. మన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో 40 కిలోలు ఉండేవాళ్ళు ఎందరో. ఆమెకు అడ్రినలిన్ లేని మందు 180 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం అయితే 9 మిల్లీలీటర్లు, 1 శాతం చేస్తే 18. ఈ అంకెను సిరంజి ఎత్తకముందే కాగితం మీద రాయండి.

ఇక వేడి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను అలాగే వాడితే ఆ చల్లదనానికే ఒళ్ళు జివ్వుమంటుంది. చలికాలంలో ఆర్.ఉదయగిరి వైపు క్యాంపుకి వెళ్తే బయట ఉంచిన సీసా కూడా మంచులా ఉంటుంది. ఒంటి వేడికి తెస్తే నొప్పి తగ్గుతుంది. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, రబ్బరు మూత తడవకుండా సీసాను నిలబెట్టి కాసేపు ఉంచండి. చెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడి చాలు, మరిగే నీళ్ళు వద్దు. మా సిస్టర్ ఉదయం డ్రెస్సింగ్‌లు మొదలుపెట్టేటప్పుడే ఈ గిన్నె పెట్టేస్తుంది.

సూది ఎంపిక

మందు తీసే సూది వేరు, మనిషికి వేసే సూది వేరు. రబ్బరు మూతలో ఒకసారి దిగిన సూది మొన మొద్దుబారుతుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. గులాబీ రంగు 18 నంబరుతోనో, ఆకుపచ్చ 21తోనో మందు లాగండి, తర్వాత మార్చండి. లాగిన సూదిని సీసా మూతకే గుచ్చి వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, ఒకరి రోగం పదిమందికి అంటుకునే దారి అదే.

వేయడానికి 30 నంబరు సూది దొరికితే అదే వాడండి. 27 కూడా బాగుంటుంది. ఏదీ లేకపోతే గోధుమరంగు 26 నంబరు అర అంగుళం సూది దాదాపు ప్రతి మందుల షాపులో ఉంటుంది. పులిపిరికో చిన్న మచ్చకో అయితే ఇన్సులిన్ సిరంజి చక్కగా పనికొస్తుంది. కాకపోతే ఎర్ర మూత సిరంజిలో 40 గీతలు ఒక మిల్లీలీటరు, నారింజ మూతలో 100 గీతలు ఒక మిల్లీలీటరు. మోతాదు లెక్కలో ఈ తేడా గుర్తుంచుకోండి. సన్న సూదిలో ఇంకో మేలుంది. మీరు తొందరపడాలనుకున్నా మందును వేగంగా వెళ్ళనివ్వదు.

మాట

"ఏం లేదు, చీమ కుట్టినట్టు ఉంటుంది." మనమందరం ఈ మాట అంటూ పెరిగాం. ధైర్యం చెప్తున్నామనే అనుకుంటాం. కానీ వినేవాడి మనసు వెంటనే చీమ కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది. 2010లో కాన్పుకు వచ్చిన గర్భిణుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వెన్నుకు మత్తు ఇచ్చే ముందు చర్మం మొద్దుబార్చే సూది వేసేటప్పుడు, కొందరికి పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుందని చెప్పారు. మరికొందరికి ఈ మందుతో చోటు మొద్దుబారుతుంది, తర్వాత హాయిగా ఉంటుందని చెప్పారు. తేనెటీగ మాట విన్నవాళ్ళే ఎక్కువ నొప్పి చెప్పారు. సూది అదే, మందు అదే, మారింది మాట ఒక్కటే.

అలాగని నొప్పే ఉండదని అబద్ధం చెప్పొద్దు. ఒకసారి మోసపోయిన మనిషి రెండోసారి నమ్మడు. నేను ఇలా అంటాను: "అమ్మా, ఇప్పుడు మొద్దుబార్చే మందు వేస్తున్నాను. నీకు నిద్ర రాదు, నాతో మాట్లాడుతూనే ఉంటావు. ఎక్కడ తెలిసినా వేలెత్తు, అక్కడే ఆపేస్తాను." ఆపేస్తానన్న మాటకు సగం భయం పోతుంది. కానీ వేలెత్తినప్పుడు నిజంగా ఆపాలి. నిద్ర సంగతి ఎందుకు చెప్పాలంటే, మన జనానికి మత్తు అంటే స్పృహ పోవడమే. మెలకువగా ఉన్నానని తెలియగానే సూది పనిచేయలేదని హడలిపోతారు.

ఈ మాట రోగి భాషలో ఉండాలి. మన వార్డులో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి. "నొప్పెడతందేటి?" అంటే తెలుగువాళ్ళు జవాబిస్తారు, "కొష్టొ హేఉఛి కి?" అంటే ఒడియావాళ్ళు. "పోడుఛి" అన్నారంటే మంటగా ఉందని, నెమ్మదించమని అర్థం. సవర మాటలు వెంట వచ్చినవాళ్ళని అడిగి ఆ పూటకి నేర్చుకుంటాను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేసింది ఈ పర్లాకిమిడిలో ఉండే కదా. మనం రెండు ముక్కలు నేర్చుకోలేమా?

పిల్లల సంగతి వేరు. "అల్లరి చేస్తే సూదేయిస్తా" అని ఇంట్లో బెదిరించి పెంచిన పిల్ల మన గదిలోకి రాకముందే ఏడుస్తుంది. తల్లిని పక్కనే కూర్చోనివ్వండి, బిడ్డ మొహం తల్లి వైపు ఉండాలి. ఫోన్‌లో బొమ్మలు పెట్టినా మంచిదే. సిరంజి నిండుగా మందు తీసి కళ్ళ ముందు గాలి బుడగలు తట్టడం పెద్దవాళ్ళకే చెమటలు పట్టిస్తుంది. ఆ పని వాళ్ళ తల వెనక చేయండి.

గుచ్చే ముందు నిమిషం

స్పిరిట్ రాస్తే పూర్తిగా ఆరనివ్వండి. తడి స్పిరిట్ సూదితో పాటు లోపలికి వెళ్ళి మంట పెడుతుంది. ఐస్ ఉంటే శుభ్రమైన గుడ్డలో చుట్టి ఒకటి రెండు నిమిషాలు అద్దితే చర్మం తిమ్మిరెక్కుతుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి మాత్రం వద్దు, చలి వాళ్ళకి పడదు. జవాబులను బట్టి మారతాయన్న రెండు పనుల్లో ఒకటి ఇదే.

రెండోది పూత మందు. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన క్రీమ్‌ను మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర అంటించి గంట ఉంచితే పిల్లలకు చాలా మేలు. గంట అంటే గంటే, పది నిమిషాలకు తుడిచేస్తే దండగ. కానీ ప్రిలోకెయిన్ కొందరి రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళకి, కుష్ఠు వ్యాధికి డాప్సోన్ మాత్రలు వాడుతున్నవాళ్ళకి, పసికందులకి నేను రాయను.

ఇక వేళ్ళతో చేసే ఉపాయం. సూది దిగే చోటుకు పక్కన చర్మాన్ని గట్టిగా చిటికెలో పట్టుకోండి, లేదా నొక్కి రుద్దండి, తట్టండి. దెబ్బ తగిలిన చోట మనం తెలియకుండానే రుద్దుకుంటాం కదా, ఆ సూత్రమే. రుద్దిన స్పర్శ వెన్నుపాము దగ్గర నొప్పికి దారి మూస్తుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో వివరించారు.

సూది వేయడం

ఇక్కడ నిదానంగా చదవండి, అసలు విద్య ఇదే. కెనడాలో చేతి ఆపరేషన్లు చేసే డాక్టర్ డొనాల్డ్ లలోండ్, ఆయన తోటివాళ్ళు దీన్ని అంచెలంచెలుగా రాసి అందరికీ నేర్పారు. నేను చేసేది చాలావరకు ఆ దారే.

సిరంజిని రెండు చేతులతో పట్టుకోండి, అరచేతి అంచు రోగి ఒంటి మీద ఆనాలి. బొటనవేలు ముందే పిస్టన్ మీద ఉండాలి. గుచ్చాక వేలు సర్దుకుంటే మొన లోపల కదులుతుంది, అదే రెండో పోటు అవుతుంది. సూదిని పడుకోబెట్టి కాకుండా నిలువుగా దింపండి. ఏటవాలుగా వెళ్ళే సూది చర్మంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది, ఎక్కువ నరాలకు తగులుతుంది.

చర్మం దాటగానే, కింద కొవ్వు మొదలయ్యే చోట ఆగండి. చర్మంలోనే మందు ఎక్కించి నారింజ తొక్కలా ఉబ్బించడం బాగా నొప్పి. చర్మం కిందకి వేసినా పైచర్మం కాసేపట్లో మొద్దుబారుతుంది. అర మిల్లీలీటరు మందు మెల్లగా వదిలి చేతులు కదపకుండా ఉండండి. రోగిని అడగండి, మంట తగ్గిందా? పదిహేను సెకన్లకో, ముప్పావు నిమిషానికో "పోయింది బాబూ" అంటారు. ఆ మాట వినేదాకా ముందుకెళ్ళొద్దు. తర్వాత సూది కదపకుండానే ఇంకో రెండు మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కనీసం అర నిమిషం చొప్పున, వదలండి. రక్తనాళాలు ఉన్న చోట పిస్టన్ కొద్దిగా వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోవాలి.

ఇప్పుడు ఆ చుట్టూ చర్మం తెల్లబడి కాస్త ఉబ్బుతుంది. మందు పరుచుకున్న మేర అదే. సూది మొన ఎప్పుడూ ఆ ఉబ్బు లోపలే ఉండాలి. మందు ముందు నడవాలి, సూది వెనక నడవాలి, మధ్య ఒక సెంటీమీటరు ఎడం. రెండోసారి గుచ్చాల్సి వస్తే ఉబ్బు అంచుకు లోపల, అప్పటికే మొద్దుబారిన చోటే గుచ్చండి. చేతికైనా కాలికైనా మొండెం వైపు నుంచి మొదలుపెట్టి వేళ్ళ వైపుకి రండి, నరాలు అటు నుంచే వస్తాయి కాబట్టి ముందున్న చోటు అప్పటికే నిద్రపోతుంది.

కిందటేడు జీడితోట ఉన్న ఒక పెద్దాయన ముంజేతి మీద కొవ్వుగడ్డతో వచ్చాడు. జీడిరసం తగిలి వేళ్ళ చివర్లు నల్లగా కాలిన చేతులు. తెలిసినప్పుడల్లా వేలెత్తమన్నాను. మొదటి పోటుకు చూపుడువేలు లేచింది. తర్వాత నాకే తొందరొచ్చి మందు కాస్త వేగంగా తోశాను, మధ్యవేలు లేచింది. గడ్డ అవతలి వైపు ఉబ్బు దాటి గుచ్చాను, ఉంగరం వేలు. మూడు వేళ్ళూ అలాగే పట్టుకుని ఆపరేషన్ అయ్యేదాకా దించలేదు. ఆయన కోపంగా చూపలేదు, అడిగాను కాబట్టి నిజాయితీగా లెక్క అప్పజెప్పాడంతే. ఏ వేలు ఎందుకు లేచిందో నాకు తెలుసు. మర్నాటి నుంచి ప్రతి రోగికీ ఎన్ని వేళ్ళు లేచాయో రికార్డులో రాస్తున్నాను. ఇప్పుడు ఎక్కువమందికి ఒక్క వేలే. మీ దగ్గర నేర్చుకునే పిల్లలుంటే వాళ్ళచేత కూడా రాయించండి, ఇంతకు మించిన గురువు లేడు.

ఇంకో మాట. మచ్చ మీద సూది గుచ్చితే రోగి అసలు ఉలకకపోతే, మందు ఇంకా ఎక్కకముందే ఏమీ తెలియడం లేదంటే, మీ చేతి నైపుణ్యం అనుకోవద్దు. అక్కడే ఆగి మచ్చను మళ్ళీ చూడండి. పాలిపోయి, వెంట్రుకలు రాలి, చెమట పట్టని మచ్చ అయితే కుష్ఠు కావచ్చు. దానికి కావలసింది ఉచితంగా దొరికే మాత్రల కోర్సు.

టెస్ట్ డోస్ సంగతి కూడా. మన ఆసుపత్రుల్లో లిగ్నోకెయిన్ పడుతుందో లేదో అని ముంజేతి చర్మంలో ముందుగా ఒక చుక్క వేసే రివాజు ఉంది. నిజమైన ఎలర్జీ ఈ మందుకు చాలా అరుదు. మీ ఆసుపత్రి నియమం అదైతే చేయండి, కానీ ఇన్సులిన్ సూదితో చేయండి. అసలు సూది కంటే ఈ చుక్కకే ఎక్కువ ఏడ్చిన పిల్లల్ని చూశాను.

చోటును బట్టి

తెగిన గాయానికి కుట్లు వేసేటప్పుడు బాగున్న చర్మాన్ని గుచ్చొద్దు. గాయం శుభ్రంగా ఉంటే ముందు కొన్ని చుక్కల మందు గాయంలోనే వేసి కాసేపు ఉంచి, తర్వాత తెగిన అంచు లోపలి నుంచి కొవ్వులోకి సూది పంపండి. తేడా రోగి మొహంలోనే కనిపిస్తుంది.

గోరుచుట్టుకు, వేలి గాయానికి వేలి మొదట్లో వేయాలి. చీము ఉన్న చోట ఆమ్లం ఎక్కువ, మందు సరిగ్గా పనిచేయదు, నా బొటనవేలికి జరిగింది అదే. వేలికి రెండు పక్కలా రెండు పోట్లు అక్కర్లేదు. అరచేతి వైపు, వేలు మొదలయ్యే ముడత దగ్గర నడిమధ్య చర్మం కింద ఒక్క పోటుతో రెండు మిల్లీలీటర్లు వేస్తే చాలావరకు మొద్దుబారుతుంది. వేళ్ళకు అడ్రినలిన్ వేయకూడదని మనందరికీ నేర్పారు. 2005లో లలోండ్ బృందం 3,110 మంది చేతుల్లో, వేళ్ళలో తక్కువ గాఢత అడ్రినలిన్ వాడి ఎవరికీ వేలు పోలేదని ప్రచురించింది. అయినా దానికి విరుగుడైన ఫెంటాలమిన్ మా దగ్గర ఉండదు. షుగర్‌తో రక్తప్రసరణ చెడిన వేళ్ళు ఎన్నో వస్తాయి. అందుకే వేళ్ళకు నేను ఉత్త లిగ్నోకెయినే వాడతాను.

అరికాలు అన్నిటికంటే కఠినం. చెప్పుల్లేకుండా కొండ దారుల్లో నడిచిన కాళ్ళకు ఆనెకాయలు వస్తాయి, ఆ చర్మం మందం, లోపల నరాలు ఎక్కువ. ఆనెకాయ మీద నేరుగా గుచ్చితే ఎంతటివాడైనా కాలు లాక్కుంటాడు. పాదం పక్కన పలుచటి చర్మం నుంచి దూరండి, మెల్లగా కిందకి పరచండి. లోపలి చీలమండ వెనక నరాన్ని మొద్దుబార్చడం వచ్చినవాళ్ళు అదే చేయండి, ఇంకా మంచిది.

తలలో కంతికి చుట్టూ వేయండి, లోపల వేస్తే పగులుతుంది. సెగగడ్డకూ అంతే.

ఆగండి

మందు వేసి చేతులు కడుక్కుని వెంటనే కత్తి పట్టుకునేవాళ్ళు ఎందరో. లిగ్నోకెయిన్‌కి కనీసం ఐదు నిమిషాలు ఇవ్వండి. అడ్రినలిన్ ఉంటే రక్తం తగ్గాలన్నా ఇంకా సేపు కావాలి, పావుగంట నుంచి అరగంట. అంతసేపు బల్ల ఖాళీగా ఉంచలేం అంటారు. ఇద్దరు రోగులుంటే మొదటివాళ్ళకి వేసి, రెండోవాళ్ళకి వేసి, తిరిగి మొదటివాళ్ళ దగ్గరికి రండి. వేచి ఉన్నంతసేపూ ఒక సిస్టర్ పక్కనే ఉండి మాట్లాడుతూ ఉండాలి. పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం, వీటిలో ఏది చెప్పినా మందు రక్తంలో ఎక్కువైందని గుర్తు. ఆపేయండి, ఆక్సిజన్ పెట్టండి, సాయం పిలవండి. దీనికి విరుగుడుగా నరానికి ఎక్కించే కొవ్వు ద్రవం, 20 శాతం ఇంట్రాలిపిడ్, ఎక్కడ ఉందో ముందే తెలుసుకుని ఉండాలి.

కోసే ముందు పరీక్షించేటప్పుడు "నొప్పి ఉందా?" అనకండి, తాకినా ఉందనే అంటారు. పట్టకారుతో గిల్లి ఊరుకోండి, మొహం చూడండి. "లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుందమ్మా, అది మామూలే. పదునుగా తెలిస్తే వేలెత్తు" అని చెప్పి మొదలుపెట్టండి.

ఇంటికి పంపే ముందు

ఉత్త లిగ్నోకెయిన్ గంట, మహా అయితే రెండు గంటలు ఉంటుంది. అడ్రినలిన్ ఉంటే ఇంకొంచెం. మన రోగులకు ఆ సమయం రైల్లోనో, ఆటోలోనో, చివరి మైళ్ళు కాలినడకనో గడుస్తుంది. నొప్పి మొదలయ్యేసరికి ఊళ్ళో మందుల షాపు ఉండదు. అందుకే పారాసెటమాల్ మొదటి మాత్ర మీ ఎదురుగానే వేయించండి, నొప్పి రాకముందే. రాత్రికి, పొద్దుటికి కావలసినవి చిన్న కవర్లో కట్టి కొంగుకు ముడి వేయించండి, ఎన్ని గంటలకోసారో వెంట వచ్చినవాళ్ళచేత తిరిగి చెప్పించండి. పెదవికి వేస్తే మొద్దు దిగేదాకా వేడి టీ తాగొద్దని, పాదానికి వేస్తే స్పర్శ వచ్చేదాకా ఉత్త కాళ్ళతో నడవొద్దని చెప్పండి. చెప్పులు లేకపోతే మా ఆసుపత్రి గుమ్మం దగ్గర నాలుగు జతలు ఎప్పుడూ ఉంటాయి, ఒక జత ఇచ్చి పంపుతాం. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు తెచ్చి ఇస్తారు.